పంపిన జాబు చేరినదా? ఈమెయిలు లెక్కలను దింపుకొని చదువు విధము

ఎగుమతి యనగానే ఉండి, ఆకివీడు ప్రాంతములవారికి రొయ్యలును, తాడేపల్లిగూడెము ప్రాంతమువారికి బియ్యమును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఈ వ్యాసమున చెప్పబోవు ఎగుమతి వేరు. సంఘము తన సభ్యులకు పంపిన ఈమెయిలు జాబుల లెక్కను, ఆ జాబులను పంపిపెట్టు కంపెనీవారి యంత్రమునుండి మన ఆఫీసు కంప్యూటరులోనికి దింపుకొనుటను గూడ ఎగుమతి యనియే పిలుచుచున్నారు. ఈ పని గుమాస్తాలకు సంబంధించినదే గాని రైతులకు దీనితో నేమి ప్రయోజనమని కొందరు తలంపవచ్చును. వాయిదా తేదీని తెలుపు జాబు ఎవరికి చేరినదో, ఎవరికి చేరలేదో తెలియక పోయినచో నష్టపడువాడు రైతే గాని గుమాస్తా కాడు. కావున సభ్యులందరును దీనిని కొంతవరకైన నెరిగియుండుట మంచిది.

దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్రప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. ఆ మీదట సంఘముల చిఠ్ఠాలును, ఆవర్జాలును కాగితమునుండి కంప్యూటరునకు మారుట మొదలైనది. లెక్కలతోపాటు ఉత్తరప్రత్యుత్తరములును మారక తప్పదు. మహాజన సభ నోటీసు, ఎరువుల స్టాకు వివరము, ఋణపు వాయిదా తేదీ మొదలగువానిని ఈమెయిలు ద్వారా ఒక్కమారుగా వందలమందికి పంపుటకు మెయిల్‌చింప్, జోహో క్యాంపెయిన్స్ వంటి ఏర్పాటులు కలవు. ఇవి జాబులను పంపుటయే గాక, తరువాత నొక నివేదికను గూడ తెరపై చూపును. ఆ నివేదికలోని ఒక్క సంఖ్యను చూచి సంతృప్తిపడుటలో నున్న ప్రమాదమును తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

కాలువ పోలిక

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మన డెల్టా రైతునకు బాగుగా తెలిసిన సత్య మొకటి కలదు. హెడ్డు స్లూయిసు వద్ద ఎన్ని క్యూసెక్కులు వదలిరో చూచి, శివారు చేను తడిసినదని ఎవ్వరును చెప్పరు. త్రోవలో గండ్లు పడును, తూడు అడ్డుపడును, ఎగువవారు తూములెత్తుదురు. శివారు చేనికి నీరు వచ్చినదా లేదా యని తెలిసికొనవలెనన్న గట్టువెంట నడచి చూచుటే మార్గము.

ఈమెయిలు జాబు విషయమును ఇట్టిదే. పంపినది వేరు, చేరినది వేరు, తెరచినది వేరు, చదివినది వేరు, చదివి పని చేసినది వేరు. ఈ యైదింటిని ఒకటిగా నెంచుటవలననే తప్పులు పుట్టుచున్నవి.

నివేదికలోని లెక్కలు ఎట్లు పుట్టును?

మొదటిది పంపిన లెక్క. మన చిరునామాల పట్టికలో నెన్ని పేర్లున్నవో దాదాపు అదియే ఈ లెక్క. ఇందు విశేష మేమియు లేదు.

రెండవది తిరిగివచ్చిన లెక్క. చిరునామాదారు లేడని పోస్టుబంట్రోతు ఉత్తరమును వాపసు తెచ్చునట్లే, ఈమెయిలు జాబును తిరిగివచ్చును. ఇందు రెండు రకములు. అట్టి చిరునామాయే లేనిచో అది శాశ్వతమైన వాపసు. పెట్టె నిండియున్నను, అవతలి యంత్రము ఆ క్షణమున పనిచేయకున్నను అది తాత్కాలికమైన వాపసు. వాపసు కారణమును తెలుపు మూడంకెల సంఖ్య 4తో మొదలైన తాత్కాలికమనియు, 5తో మొదలైన శాశ్వతమనియు సాధారణముగా గ్రహింపవచ్చును. శాశ్వతముగా వాపసు వచ్చిన చిరునామాకు మరల మరల పంపుట కూడదు. అట్లు పంపిన సంఘముయొక్క జాబులను ఇతరుల యంత్రములును అనుమానముతో చూడసాగును.

మూడవది చేరిన లెక్క. పంపినదానినుండి వాపసు వచ్చినదానిని తీసివేయగా మిగిలినది ఇది. అయితే చేరుట యనగా అవతలి యంత్రము జాబును పుచ్చుకొన్నదని మాత్రమే అర్థము. పుచ్చుకొని దానిని స్పామ్ అను చెత్తబుట్టలో వేసియుండవచ్చును. అప్పుడును అది చేరినట్లే లెక్కకు వచ్చును.

నాల్గవది తెరచిన లెక్క. దీనిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. జాబు అడుగున కంటికి కానరాని చుక్కంత బొమ్మ యొకటి ఉంచబడును. ఆ బొమ్మ ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తుతో నుండును. జాబును తెరచినప్పుడు ఫోను ఆ బొమ్మను కంపెనీవారి యంత్రమునుండి తెప్పించుకొనును. తెప్పించుకొన్న క్షణమున ‘ఫలానావారు తెరచిరి’ అని అచ్చట వ్రాయబడును. కావున ఈ లెక్క బొమ్మ నడిగిన లెక్కయే గాని జాబు చదివిన లెక్క కాదు. 2025లో స్పీడు పోస్టునందు విలీనము చేయబడిన రిజిస్టరు పోస్టున రసీదుపై చిరునామాదారు సంతకము పెట్టుచుండెను. ఇచ్చట అట్టి సంతక మేదియు లేదు.

ఈ లెక్క రెండువైపులను తప్పవచ్చును. బొమ్మలు రాకుండ కట్టివేసికొన్నవాడు జాబునంతయు చదివినను తెరచినట్లు లెక్కకు రాడు. ఆపిల్ కంపెనీవారు 2021 సెప్టెంబరులో ప్రవేశపెట్టిన గోప్యతా ఏర్పాటును ఎంచుకొన్నవాని విషయమున, అతడు జాబును ముట్టకపోయినను, ఆ కంపెనీ యంత్రము ముందుగానే బొమ్మను తెప్పించుకొనును. అతడు తెరచినట్లు లెక్కకు వచ్చును. జీమెయిల్ వారును 2013 డిసెంబరునుండి బొమ్మలను తమ యంత్రముద్వారానే తెప్పించి చూపుచున్నారు. అందుచే తెరచినవాడు ఉండిలో నున్నాడో ఏలూరులో నున్నాడో ఈ బొమ్మనుబట్టి చెప్పుట వీలుకాదు.

ఐదవది నొక్కిన లెక్క. జాబులో నిచ్చిన లింకును నొక్కిన వారి సంఖ్య ఇది. తెరచిన లెక్కకంటె దీనిని ఎక్కువగా నమ్మవచ్చును. ఇందును మోసము లేకపోలేదు. కొన్ని ఆఫీసులలో జాబులను తనిఖీచేయు యంత్రములు లింకుల నన్నింటిని తామే నొక్కి చూచును. జాబు చేరిన కొద్ది క్షణములలో ఒకే చిరునామానుండి అన్ని లింకులును నొక్కబడినట్లు కనుపించినచో అది మనుష్యుడు చేసిన పని కాదని గ్రహింపవలెను.

ఇవి గాక, ఇకమీదట పంపవద్దన్నవారి లెక్కయు, స్పామ్ అని ఫిర్యాదు చేసినవారి లెక్కయు నుండును. దినమునకు 5,000కు పైగా జాబులను జీమెయిల్ చిరునామాలకు పంపువారు ఫిర్యాదులను వేయింటికి మూడుకు చేరనీయరాదనియు, పంపవద్దని చెప్పుటకు సులువైన త్రోవను జాబులోనే చూపవలెననియు గూగుల్ వారు 2024 ఫిబ్రవరినుండి నియమము పెట్టిరి. మన సంఘములు అంత పెద్ద సంఖ్యలో పంపకపోయినను ఆ మర్యాదను పాటించుట మంచిది.

చిఠ్ఠా వేరు, ఆవర్జా వేరు

తెరపై కనుపించు నివేదిక ఆవర్జావంటిది. అందు మొత్తములు మాత్రమే యుండును. ఎగుమతి చేసిన ఫైలు చిఠ్ఠావంటిది. అందు ఒక్కొక్క చిరునామాకు ఒక్కొక్క వరుసయుండి, ఎవరికి చేరినది, ఎవరిది వాపసు వచ్చినది, ఎవరు ఏ సమయమున తెరచినది విడివిడిగా తెలియును. ఆవర్జాలోని మొత్తమునుగూర్చి సందేహము కలిగినప్పుడు గుమాస్తా చిఠ్ఠాను తీసి చూచును గదా! ఇచ్చటను అట్లే చేయవలెను.

ఎగుమతి చేయుట కష్టమైన పని కాదు. జాబులను పంపు ఏర్పాటులో నివేదికల పుటను తెరచి, కావలసిన జాబును ఎంచుకొని, ఎగుమతి యను మీటను నొక్కవలెను. లెక్క పెద్దదైనచో ఫైలు తయారగుటకు కొంత సమయము పట్టును. కొన్నియెడల దానిని జిప్ అను మూటగా కట్టి ఇచ్చెదరు. ఫైలు సాధారణముగా సీఎస్‌వీ అను రూపమున నుండును. ఇందు రహస్య మేమియు లేదు. వరుసకు ఒక సభ్యుడు. వివరమునకు వివరమునకు నడుమ కామా. మొదటి వరుసలో శీర్షికలు. ఎక్సెల్ గాని, ఉచితముగా లభించు లిబ్రాఫీస్ గాని దీనిని పట్టికగా చూపును.

ఫైలును తెరచునప్పుడు ఈ క్రింది జాగ్రత్తలు అవసరము.

1. దింపుకొన్న అసలు ఫైలును ముట్టక భద్రపరచి, నకలుపై పని చేయవలెను. ఫైలు పేరులో జాబు పంపిన తేదీ యుండవలెను. కంపెనీవారు పాత నివేదికలను ఎల్లకాలము ఉంచెదరని నమ్మరాదు. ప్రతి నెలయు దింపుకొనుచుండవలెను.

2. తెలుగు పేర్లు పిచ్చిగీతలుగా కనుపించినచో ఫైలు చెడినదని భయపడరాదు. ఫైలును నేరుగా తెరువక, దిగుమతి చేయు మార్గమున పోయి, అక్షరముల రకము యూటీఎఫ్-8 అని ఎంచుకొన్న పేర్లు సరిగా వచ్చును.

3. సభ్యుని సంఖ్య 0 తో మొదలైనచో ఎక్సెల్ ఆ సున్నను తినివేయును. పదునైదంకెలకు మించిన బ్యాంకు ఖాతా సంఖ్యయైనచో చివరి అంకెలను సున్నలుగా మార్చును. ఆ గడులను సంఖ్యలుగా గాక అక్షరములుగా దిగుమతి చేసికొనవలెను. లేనిచో ఒకరి ఖాతా మరియొకరిదగును.

4. తేదీలను జాగ్రత్తగా చదువవలెను. 04/06 అని యుండిన మనకు జూన్ 4. అమెరికా వాడుకలో అది ఏప్రిల్ 6. కొన్ని ఫైళ్లలో గడియారమును గ్రీనిచ్ కాలమునుబట్టియే యుండును. మన కాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. జూన్ 10వ తేదీ రాత్రి 8 గంటలని యున్నచో, మన ఊరిలో అది 11వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటన్నర.

5. మొత్తము తెరచినమారుల సంఖ్యను, తెరచిన మనుష్యుల సంఖ్యను కలుపరాదు. ఒకడే అయిదుమారులు తెరచిన అయిదుగురు తెరచినట్లు కాదు.

సభ్యత్వపు పుస్తకముతో సరిచూచుట

ఇంతవరకు చెప్పినది ఫైలులో నున్నవారిని గూర్చి. ముఖ్యమైన విషయము ఫైలులో లేనివారిది. ఈమెయిలు చిరునామా ఇయ్యని సభ్యుడు ఆ ఫైలులో ఎచ్చటను కానరాడు. అతనికి జాబు పోలేదను సంగతిని ఏ నివేదికయు చెప్పదు. చిరునామా ఇచ్చినవారిలోను మరియొక చిక్కు కలదు. మన పల్లెలలో ఫోను కొన్న దినమున దుకాణమువాడే జీమెయిల్ ఖాతా తెరచి యిచ్చుట పరిపాటి. ఆ చిరునామా సంఘపు పుస్తకమున నెక్కును గాని, అట్టి పెట్టె యొకటి తనకు కలదని రైతే యెరుగడు. కొందరు హైదరాబాదులోనో, అమెరికాలోనో నున్న కుమారుని చిరునామా నిత్తురు. తండ్రికొడుకు లిరువురును సభ్యులై ఒకే చిరునామా యిచ్చుటయు కలదు.

ఈ చిక్కులకు మందు ఒకటే. చిరునామాల పట్టికను కంపెనీవారి ఏర్పాటులోనికి ఎక్కించునప్పుడే ప్రతి పేరుకు ఎదురుగా సంఘపు సభ్యత్వ సంఖ్యను ఒక గడిలో వేయవలెను. ఎగుమతి చేసినప్పుడు ఆ సంఖ్య తిరిగి మనకు వచ్చును. దాని ఆధారముతో సభ్యత్వపు పట్టికను, ఎగుమతి ఫైలును జతపరచవలెను. ఎక్సెల్‌లో వీలుకప్ అను సూత్రము ఈ పనికే యేర్పడినది. పేర్లతో జతపరుపబోయినచో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు మన గ్రామములలో పలువు రుందురు గనుక లెక్క తారుమారగును. జతపరచునప్పుడు సభ్యత్వపు పట్టికను మొదట నుంచి, దాని ప్రక్కకు ఈమెయిలు వివరములను తేవలెను. ఎదురు చేసినచో ఫైలులో లేనివారు మరల జారిపోవుదురు.

ఒక ఉదాహరణము

లెక్క స్పష్టముగా బోధపడుటకై ఒక సంఘమును ఊహింతము. సభ్యులు 500 మంది. పంటఋణముల వాయిదా తేదీ సమీపించుచున్నదని సంఘమువారు ఈమెయిలు పంపిరి. నివేదిక ఇట్లున్నదనుకొందము.

పంపినవి 320.
వాపసు వచ్చినవి 24. ఇందు శాశ్వతము 18, తాత్కాలికము 6.
చేరినవి 296.
తెరచినవారు 148, అనగా చేరినవారిలో నూటికి 50.
నొక్కినవారు 37, అనగా చేరినవారిలో నూటికి పన్నెండున్నర.

పాలకవర్గ సమావేశమున ఈ నివేదికను చదివి ‘సగము మంది సభ్యులు చూచిరి’ అని వ్రాసికొన్నచో అది పొరపాటు. నూటికి 50 అనునది చేరిన 296 మందిలో లెక్క. సభ్యులు 500 మంది గదా! 148 మంది నూటికి 29.6 మాత్రమే. చిఠ్ఠాను తీసి చూడగా వారిలో 30 మంది పేర్ల కెదురుగా యంత్రము తెరచినట్లు గుర్తున్నదనుకొందము. మిగిలినది 118, నూటికి 23.6. ఆ ముప్పదిమందిలో నిజముగా చదివినవారును కొంద రుండవచ్చును. బొమ్మలు కట్టివేసికొని చదివినవారును కొంద రుండవచ్చును. కావున ఇన్ని మంది చదివిరని ఖండితముగా చెప్పుట కెవ్వరికిని వీలు లేదు. సగము మంది సభ్యులు చూచిరని చెప్పుటకు మాత్రము ఆధారము లేదు. చిరునామా లేని 180 మందిని గూర్చి నివేదికలో ఒక్క ముక్కయైనను లేదు.

ఇప్పుడు బాకీదారుల పట్టికతో సరిచూతము. ఆ 500 మందిలో ఋణము తీసికొన్నవారు 260 మంది. జాబు పంపిన పదవనాటికి వారి స్థితి ఇట్లున్నదనుకొందము.

జాబు తెరచినట్లున్నవారు 70, చెల్లించినవారు 52, మిగిలినవారు 18.
చేరినను తెరవనివారు 85, చెల్లించినవారు 51, మిగిలినవారు 34.
వాపసు వచ్చినవారు 15, చెల్లించినవారు 6, మిగిలినవారు 9.
చిరునామాయే లేనివారు 90, చెల్లించినవారు 45, మిగిలినవారు 45.

మొత్తము చెల్లింపనివారు 106 మంది. వారిలో 54 మందికి, అనగా సగమునకు పైగా, జాబు చేరనే లేదు. సంఘము నోటీసు పంపినది. వారికి నోటీసు లేదు. శివారు చేలు ఇవియే.

నష్టమెంతయో చూడుడు. కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము ననుసరించి స్వల్పకాలిక పంటఋణమునకు నూటికి 7 వంతున వడ్డీ. గడువులోపల చెల్లించినవారికి మరి 3 తగ్గి 4 పడును. లక్ష రూపాయల ఋణమునకు ఏడాదికి ఈ తేడా మూడువేల రూపాయలు. తలకొక లక్ష చొప్పున బాకీ యున్నదనుకొన్న, ఆ 54 మంది తేదీ తెలియక గడువు దాటించినచో పోవునది లక్షా అరువది రెండు వేల రూపాయలు. నివేదికలోని ‘నూటికి 50’ అను సంఖ్య ఈ సొమ్మును కప్పిపెట్టినది.

కాన ఎగుమతి చేసిన ఫైలువలన మనకు దొరకవలసినది శాతము కాదు, పేర్ల పట్టిక. గ్రామములవారీగా, చెరువుగట్లవారీగా ఆ 54 మంది పేర్లను వ్రాసి, మొదట వారికి ఫోను చేయవలెను. ఫోను అందనివారి యింటికి మనుష్యుని పంపవలెను. తరువాత తెరవని 34 మంది. ఆ తరువాత తెరచియు చెల్లింపని 18 మంది. ఈ కడపటివారికి నోటీసు అవసరములేదు. సొమ్ము చేతికి రాలేదేమో, పంట అమ్ముడుపోలేదేమో విచారింపవలెను.

రుజువు కానిదానిని రుజువనరాదు

పై పట్టికను చూచి, జాబు తెరచినవారిలో నూటికి 74 మంది చెల్లించిరి. చిరునామా లేనివారిలో 50 మందియే చెల్లించిరి. కాబట్టి జాబువలననే చెల్లింపులు పెరిగినవని వాదించువా రుందురు. ఇది తొందరపాటు. జాబులను శ్రద్ధగా తెరచువాడు సహజముగనే వాయిదాలను పాటించువాడు కావచ్చును. జాబు రాకపోయినను అతడు చెల్లించియుండును. ఎరువు వేసిన చేను బాగుగా పండినంతమాత్రమున అది ఎరువు మహిమయే యనలేము. ఆ చేను మొదటినుండియు సారవంతమైనదేమో! రెండు మళ్లను సమానముగా ఎంచి, ఒకదానికి వేసి, మరియొకదానికి వేయక చూచిననే గదా తేలును.

ఈమెయిలు విషయమునను అట్టి పరీక్ష చేయవచ్చును. జాబు శీర్షికను రెండు విధములుగా వ్రాసి, సభ్యులను చీట్లువేసి రెండు జట్లుగా విడదీసి, జట్టునకు ఒకటి చొప్పున పంపవలెను. అయితే వాయిదా తేదీవంటి సంగతిని ఏ జట్టునకును దాచరాదు. మాటల తీరును మాత్రమే మార్చవలెను. ఫలితమును చదువుటయందును నిదానము కావలెను. 150 మంది చొప్పున గల రెండు జట్లలో ఒకదాన 34 మంది, మరియొకదాన 39 మంది లింకు నొక్కినంతమాత్రమున రెండవ శీర్షిక మేలని తేల్చరాదు. అయిదుగురి తేడా యాదృచ్ఛికముగనే రావచ్చును. నాలుగైదు నెలలు అదే తీరున వచ్చినచో అప్పుడు నమ్మవచ్చును.

దేవనకొండ దృష్టాంతము

జాబు విలువను దేనితో కొలువవలెనో తెలుపు దృష్టాంతము మన రాష్ట్రముననే యున్నది. 2016వ సంవత్సరమున కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున ఇక్రిశాట్ వారును, మైక్రోసాఫ్ట్ వారును, రాష్ట్రప్రభుత్వమును కలసి 175 మంది వేరుసెనగ రైతులకు విత్తనము వేయు అదనును తెలుపు సందేశములను తెలుగులో ఫోనులకు పంపిరి. అవి ఈమెయిళ్లు కావు. మామూలు ఫోనులోను కనుపించు పొట్టి సందేశములు. జూన్ ఆరంభమున తొందరపడి విత్తక, ఆ నెల చివరి వారమువరకు ఆగవలెనని అందలి సలహా. పంట యింటికి వచ్చిన తరువాత దిగుబడి సగటున నూటికి 30 వంతున హెచ్చినదని ఇక్రిశాట్ వారు ప్రకటించిరి.

ఇందు మనము నేర్వవలసినవి రెండు. మొదటిది, వారు ఫలితమును ప్రకటించినది చేని దిగుబడితో. ఎంతమంది సందేశమును తెరచిరను లెక్కతో కాదు. రెండవది, రైతు చేతిలో నున్న సాధనమేదో దానికి తగిన మార్గమునే ఎంచుకొనిరి. మన సంఘములును ఈమెయిలు అందనివారికి పొట్టి సందేశమును, అదియు అందనివారికి ఫోను పిలుపును, దానికిని అందనివారికి మనుష్యుని పంపుట న్యాయము. ఏ మార్గమున నెందరికి చేరినదో ఎగుమతి ఫైలుతో సరిచూచి పట్టిక వేసికొన్నచో, మరుసటి ఏడాది ఆ పని సగము సులభమగును.

ఫైలు జాగ్రత్త

కడపట ఒక హెచ్చరిక. ఎగుమతి చేసిన ఫైలులో సభ్యుల పేర్లు, చిరునామాలు, ఎవరు ఏ రాత్రివేళ జాబు తెరచినది మొదలైన సంగతు లుండును. బాకీల పట్టికతో జతపరచిన తరువాత అది మరింత గుట్టైన కాగితము. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023లో ఒక చట్టమును గూడ చేసినది. చట్టము మాట అటుండనిచ్చినను, సభ్యుని బాకీ నలుగురిలో పడవేయుట సహకార ధర్మము కాదు. ఆ ఫైలును నెట్ సెంటరు కంప్యూటరులో వదలుట, పెన్‌డ్రైవులో నెక్కించి చేతులు మార్చుట, వాట్సాప్ గుంపులలో పెట్టుట తగదు. తాళపుమాట పెట్టి, కార్యదర్శియు, ఆ పని చేయు గుమాస్తాయు మాత్రమే తెరచునట్లు ఉంచవలెను. జాబులు తెరచిన సంగతి లెక్కకు వచ్చునని సభ్యులకు ముందుగా తెలుపుటయు మర్యాద.

సభ్యులు చేయదగినది

ఈ పనిలో సభ్యుల వంతును కలదు. సంఘపు పుస్తకమున మీ పేర నున్న ఈమెయిలు చిరునామా యేదో ఒకమారు ఆఫీసునకు పోయి చూచుకొనుడు. అది దుకాణమువాడు తెరచిన పెట్టెయైనచో, మీ ఫోనులో నది తెరచుకొనునో లేదో యింటి పిల్లలచేత చూపించుకొనుడు. ఈమెయిలు వాడుక లేనిచో సిగ్గుపడక, ‘నాకు ఫోను చేయుడు’ అని వ్రాయించుడు. చెత్తబుట్టలో సంఘపు జాబు కనుపించినచో అది స్పామ్ కాదని ఫోనునకు తెలుపుడు. మహాజన సభలో నివేదిక చదివినప్పుడు ‘నూటికి ఇంత’ అని విని ఊరకుండక, ‘దేనిలో నూటికి? చేరనివారెందరు? వారి పేర్లు వ్రాసితిరా?’ అని అడుగుడు.

స్లూయిసు వద్ద గేజి చదివినవానికంటె, గట్టువెంట నడచి శివారు మడిని చూచివచ్చిన లస్కరు మాటకే రైతు విలువనిచ్చును. సంఘపు జాబుల విషయమునను ఆ నడకను నడచుటకే ఈ ఎగుమతియు, ఈ లెక్కయు. వచ్చు వాయిదాకు ముందుగా ప్రతి సంఘమును తన పట్టికను ఈ రీతిని ఒకమారు సరిచూచుకొనునని నమ్ముచున్నాము.